తొంభై ఏడు శాతం స్థానికం

స్వతంత్ర దర్శకుడంటే నిర్మాత దొరకని దర్శకుడు. ఈ సంగతి మా జిల్లాలో అందరికంటే ముందు గ్రహించినవాణ్ణి నేనే కాబట్టి ఉత్తర తీర స్వతంత్ర చలనచిత్రకారుల సంఘానికి నన్నే అధ్యక్షుణ్ణి చేశారు. సంఘంలో పదకొండుమందిమి ఉన్నాం. పదకొండుమందీ దర్శకులే. ఎవరి సినిమా వేసినా మిగతా పదిమందీ వస్తారు, చూస్తున్నంతసేపూ తమ సినిమా గురించి ఆలోచించుకుంటారు, అయిపోగానే ‘లైటింగ్ బావుంది’ అంటారు. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన సినిమాకైనా అదే మాట.

నా పేరు తవిటేశ్వరరావు. పోస్టర్ల మీద మాత్రం ‘టి. ఈశ్వర్’ అని వేసుకుంటాను. బస్టాండు వెనక నాకో ఫొటో స్టూడియో ఉంది. ముహూర్తాలున్నన్నాళ్ళూ పెళ్ళి వీడియోలు తీసి పొట్టపోసుకుంటూ, మూఢాలు రాగానే ప్రపంచ సినిమాని ఉద్ధరించడానికి బయల్దేరతాను.

మా జిల్లాలో ఏటా చిన్న సినిమాల పోటీ ఒకటి జరుగుతుంది. ఏటా నేను సినిమా పంపుతాను. ఏటా నగరం నుంచి ఎవడో నల్లకళ్ళద్దాల కుర్రాడు డ్రోను వేసుకుని వచ్చి, రెండ్రోజులు మా సముద్రం మీద తిప్పి, ఎవరూ ఎక్కడా మాట్లాడని యాసలో మా జాలర్ల చేత ఏడిపించి, మొదటి బహుమతి పట్టుకుపోతాడు. ఐదేళ్ళు ఓర్చుకున్నాను. ఆరో ఏడు కడుపుమంట ఆగక సంఘం తరఫున అర్జీ పెట్టాను. ‘స్థానికులు తీసిన, స్థానికులు నటించిన, స్థానికమైన చిత్రాలకే పోటీలో ప్రవేశం కల్పించాలి. స్థానికులనగా ఈ జిల్లాలో పుట్టినవారు.’ ఆ ఆఖరి వాక్యం నా సొంతం. రాసినరోజు మూడుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను కూడా.

మా వీధి కల్వర్టు కోసం ఆరేళ్ళుగా పెడుతున్న అర్జీలకు ఇంతవరకూ రసీదు రాలేదు. దీనికి మాత్రం పదకొండోరోజున జవాబొచ్చింది. జవాబు కూడా కాదు, ఏకంగా ఒక కార్యాలయమే వచ్చింది. పాత విత్తనాల గోదాముకు సున్నం కొట్టించి, ‘ప్రాంతీయ చలనచిత్ర స్థానికతా నిర్ధారణ విభాగం’ అని బోర్డు పెట్టారు. బోర్డు గుమ్మంకంటే పొడుగైపోవడంతో ‘విభాగం’ పక్క గోడ మీదికి వెళ్ళింది.

అధికారి పేరు చిదంబరరావు గారు. ఆయనది ఎక్కడో దక్షిణాది జిల్లా. సంఘం తరఫున మేం దండ వేస్తుంటే మెడ వంచి వేయించుకుని, “అధికారికి స్థానికత వర్తించదు. వర్తించినచో నిష్పాక్షికతకు భంగము” అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

అప్పటికి నా సినిమా సిద్ధంగా ఉంది. పేరు ‘దానమ్మ ఎనిమిది మైళ్ళు’. దానమ్మ లింగాలరేవులో ఎండుచేపలమ్ముకునే మనిషి. వయసు అరవై మూడు. ప్రతి మంగళవారం తట్ట నెత్తిన పెట్టుకుని ఎనిమిది మైళ్ళు నడిచి సంతకు వస్తుంది. ఆ నడకే సినిమా. కథ లేదు, పాటలు లేవు, ఫైట్లు లేవు. ఉన్నదల్లా దానమ్మ. దారిలో కనబడిన ప్రతివాళ్ళతో మాట్లాడుతుంది, ఎవరూ కనబడకపోతే చేపలతో మాట్లాడుతుంది. ఇసకదిబ్బ ఎక్కే షాటులో సూర్యుడు సరిగ్గా తట్ట వెనక్కి రావాలని పట్టుబట్టి ఆవిడ చేత పదకొండుసార్లు ఎక్కించాను. మా కెమెరా సన్నాసిరావు నన్ను తిట్టాడు గానీ ఆవిడ ఒక్కమాట అనలేదు. “పెద్ద తెర మీద నన్ను నాను సూసుకోవాలి బాబూ, మా సంతోలందర్నీ తెస్తాను” అని మాత్రం అడిగింది. నేను మాటిచ్చాను. ఇన్నేళ్ళలో నేను తీసినవాటిలో అదొక్కటే సినిమా అని నాకూ తెలుసు. తెలిసే ఆ తర్వాత చేసిన పని చేశాను.

విభాగం నిబంధన ఇది. చిత్రంలో ప్రతి సెకనుకూ తెరమీదున్న మనుషులకూ వస్తువులకూ జంతువులకూ జన్మస్థలం రుజువు చూపాలి. మొత్తం మీద తొంభై శాతం స్థానికత తేలితే ధ్రువపత్రం ఇస్తారు. అది ఉంటేనే టౌనుహాల్లో తెర. ముందుగా దర్శకుడి పరిశీలన. చిదంబరరావు గారు నా దరఖాస్తు తిరగేసి కళ్ళజోడు పైకి జరిపారు.

“తమరి జన్మస్థలము?”

“మా అమ్మమ్మగారి ఊరండి. మొదటి కాన్పు కదా, అమ్మ పుట్టింటికి వెళ్ళింది.”

“సదరు అమ్మమ్మ ఏ జిల్లా?”

పక్క జిల్లా అని చెప్పాను. చెబుతూండగానే నా ఆఖరి వాక్యం గుర్తొచ్చింది.

“అయితే తమరు స్థానికేతరులు.”

“మూడో నెలలోనే తీసుకొచ్చేశారండి! అప్పట్నుంచీ ఇక్కడే కదండీ!”

“ఆ మూడు నెలల్లో తమరి కళాదృష్టి అక్కడ ఏర్పడలేదనుటకు ఆధారమేమి?”

ఆధారం లేదు. నా కళాదృష్టి ఎప్పుడు ఏర్పడిందో, అసలు ఏర్పడిందో లేదో చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. ఆ సాయంత్రానికి సంఘం మొత్తం తేలిపోయింది. పదకొండుమందిలో తొమ్మిదిమందిమి తొలిచూలువాళ్ళం. తొమ్మిదిమంది అమ్మలూ పురిటికి పుట్టిళ్ళకే వెళ్ళారు, అదీ పరాయి జిల్లాలకు. పదోవాడి జనన ధ్రువపత్రం తుపానులో కొట్టుకుపోయింది. పదకొండోవాడు రైల్లో పుట్టాట్ట, అతని ఫైలును రైల్వేవారి అభిప్రాయానికి పంపారు. కలిసికట్టుగా ఏ పనీ చేయలేని మా సంఘం వాళ్ళం మొదటిసారి ఒక్కతాటి మీద అనర్హులమయ్యాం.

చిదంబరరావు గారే దారి చూపించారు. “కుటుంబములో రెండవ కాన్పు ఎవరైనా కలరా?”

ఉన్నాడు, మా తమ్ముడు అసిరయ్య. ఇక్కడి పెద్దాసుపత్రిలోనే పుట్టాడు. ఎరువుల కొట్టు నడుపుతాడు. సినిమా హాల్లోకి వెళ్ళగానే నిద్రపోతాడు. వాడి కొట్టుకెళ్ళి విషయం చెబితే యూరియా బస్తా మీంచి దిగకుండా విన్నాడు.

“నాకు సినీమా సంగతి ఏటి తెల్దన్నియ్యా.”

“తెలియక్కర్లేదురా. దర్శకుడివి నువ్వు, అంతే.”

“సరే. సంతకం ఎక్కడెట్టాల?”

ఇంత తక్కువ ప్రశ్నలడిగిన దర్శకుణ్ణి నేనెక్కడా చూడలేదు. నా పేరు ‘స్థానికేతర సహకారం’ అనే వరసలోకి, టీ ఇచ్చినవాడి పేరు కిందకి జరిగింది. కాసేపు బాధపడ్డాను. సినిమా ముఖ్యం గానీ పేరు ముఖ్యమా అని నాకు నేనే ఉపన్యాసమిచ్చుకుని సర్దుకున్నాను.

తర్వాత చిత్ర పరిశీలన. గోదాములో తెర కట్టి, చిదంబరరావు గారూ ఇద్దరు గుమాస్తాలూ స్టాపువాచీలు పట్టుకుని కూర్చున్నారు. మొదటి నిమిషంలోనే ఆపమన్నారు.

“ఈ మేక?”

“లింగాలరేవుదేనండి.”

“పుట్టుక?”

పుట్టుక తెలుసుకోవడానికి సన్నాసిరావు బండి మీద వెళ్ళొచ్చాడు. మేకను పక్క జిల్లా సంతలో కొన్నారు, అయితే కొన్నప్పుడు చూలుతో ఉంది. దాంతో పిల్లకు స్థానికత ఇచ్చి తల్లికి నిరాకరించారు. చేపల సంగతి మరీ చిక్కు. అవి ఏ జిల్లా జలాల్లోంచి ఈదుకుంటూ వచ్చాయో లిఖితపూర్వకంగా తెలపమని మత్స్యశాఖకు రాశారు. వాన పడే దృశ్యం దగ్గర గుమాస్తాల్లో ఒకాయన, ఆ అల్పపీడనం అండమాన్ దగ్గర పుట్టింది సార్ అన్నాడు. చిదంబరరావు గారు చాలాసేపు ఆలోచించి, “మేఘము స్థానికేతరము. తడిసిన నేల స్థానికము. చెరి సగము వేయుడు” అన్నారు. సినిమా ఆఖర్లో రెండు మైళ్ళు జిల్లాల విభజనప్పుడు అవతలి జిల్లాకి పోయాయని పేరును ‘దానమ్మ ఆరు మైళ్ళు’గా మార్చమన్నారు. ఇవన్నీ ఒప్పుకున్నాను. ఆయన మళ్ళీ ఆపమన్నారు.

“ఈ స్త్రీ ఎవరు?”

“దానమ్మండి. సినిమా ఆవిడదే.”

“జన్మస్థలము?”

దానమ్మ పుట్టిల్లు రాష్ట్రం సరిహద్దు అవతల. పదిహేనో ఏట పెళ్ళై వచ్చింది. “వచ్చి నలభై ఎనిమిదేళ్ళయిందండీ,” అన్నాను.

“ఎన్నేళ్ళయిననూ వచ్చినవారు వచ్చినవారే. నిబంధన పుట్టుక గురించి చెప్పుచున్నది గానీ బ్రతుకు గురించి కాదు.”

“అలా అయితే మా జిల్లాలో కోడళ్ళందరూ స్థానికేతరులేనండి! సొంత ఊళ్ళోంచి కోడల్ని ఎవరు తెచ్చుకుంటారు?”

“అది మీ సాంఘిక ఆచారము. విభాగము జోక్యము చేసుకొనదు. అయితే మేనరికమునకు ఐదు మార్కులు సడలింపు కలదు. ఈమె భర్త ఈమెకు మేనమామయా?”

“కాదండి.”

“మేనబావ?”

“కాదండి.”

“దూరపు వరసైననూ?”

కాదనక తప్పలేదు. గుమాస్తాలు స్టాపువాచీలు కలిపి లెక్క తేల్చారు. నలభై ఆరు నిమిషాల సినిమాలో దానమ్మ ముప్పై తొమ్మిది నిమిషాలుంది. స్థానికత పదిహేను శాతం.

“దరఖాస్తు తిరస్కరించబడినది,” అన్నారు చిదంబరరావు గారు. మళ్ళీ నా మొహం చూసి జాలిపడ్డారు. “సదరు స్త్రీని తొలగించి సమర్పించినచో పరిశీలించెదము.”

ఇక్కడ కోపంతో లేచి వచ్చేశానని రాసుకోవాలని ఉంది. లేచాను, నిజమే. స్టూడియోకి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆరేళ్ళుగా రాని టౌనుహాలు తెర, పోటీలో ఎవరూ మిగలని ఏడాది, తలుపు తీసి పిలుస్తున్నట్టే ఉంది. కళకు త్యాగం కావాలనుకున్నాను. ఆ త్యాగం నాది కాదు, దానమ్మది అన్న మాట మాత్రం అనుకోలేదు.

“దానమ్మని తీసీస్తే ఏటి మిగుల్తాది గురూ?” అన్నాడు సన్నాసిరావు.

“ప్రకృతి మిగులుతుంది. మౌనం మిగులుతుంది.”

“ఇసక మిగుల్తాది,” అన్నాడు. “ఆమెకి సెప్పినావా?”

చెబుదామనే మంగళవారం సంతకెళ్ళాను. దానమ్మ నన్ను చూడగానే పక్కనున్నావిడ పీట లాక్కుని వేసింది. రెండు గుప్పిళ్ళ ఎండు నెత్తళ్ళు ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది.

“రెండాటోలు మాటాడినాను బాబూ. సంతోలం పంతొమ్మిదిమందిమి వస్తన్నాం. మా సెల్లి పలాస నుంచి దిగుతాది. నాను కొత్త సీర కొన్నాను, సినీమాలో అగుపడదు గానీ నాకుంటాది గదా.”

“మంచిది పిన్నీ,” అన్నాను. నెత్తళ్ళు పట్టుకుని ఇంటికొచ్చేశాను. మా ఆవిడ కూర చేస్తే రెండు పూటలా తిన్నాను కూడా.

ముప్పై తొమ్మిది నిమిషాలు కోసేసరికి ఏడు నిమిషాలు మిగిలాయి. ఇసక, అలలు, ఖాళీ రోడ్డు, మేకపిల్ల. ఒకచోట నేల మీద దానమ్మ నీడ ఉండిపోయింది. అది పడింది స్థానిక నేల మీదే కదా అని వాదించి చూశాను. నేల స్థానికమైనా నీడకు కారణం స్థానికేతరమని తేల్చి, దాన్నీ తీయించారు. పేరులోంచి దానమ్మ పోయి ‘ఆరు మైళ్ళు’ అయింది. మేఘం కింద మూడు శాతం తగ్గి స్థానికత తొంభై ఏడు శాతం వచ్చింది. విభాగం పుట్టాక ధ్రువపత్రం పొందిన మొదటి చిత్రం మాదే. ఆఖరిది కూడా అదే అయ్యేట్టుంది.

పోటీ రోజున టౌనుహాలు మామిడాకులు కట్టుకుని ఉంది. బరిలో ఉన్నది ఒకే సినిమా కాబట్టి మొదటి, రెండో, మూడో బహుమతులన్నీ మాకే అని ముందే ప్రకటించారు. వేదిక మధ్యలో దర్శకుడు అసిరయ్య శాలువా కప్పుకుని చెమటలు కక్కుతున్నాడు. స్థానికేతర సహకారం కింద నాకు చివర ప్లాస్టిక్ కుర్చీ వేశారు. న్యాయనిర్ణేత ఒకాయన మైకందుకుని, “ఈ చిత్రంలో మనిషి లేడు, మానవత్వం ఉంది. మనిషిని పూర్తిగా తీసేయడానికి ఎంత దమ్ము కావాలి!” అన్నాడు. నిజమే, చాలా కావాల్సొచ్చింది.

ముందు వరస నిండా దానమ్మ మనుషులు. కొత్త చీర ఎర్రగా మెరిసిపోతోంది. హాల్లో దీపాలార్పి సినిమా వేశారు. ఏడు నిమిషాలు ఇసక కదిలింది, అల వచ్చింది, మేకపిల్ల అరిచింది. దీపాలు వెలిగాయి. మా సంఘం వాళ్ళు అప్పటికే ‘లైటింగ్ బావుంది’ అనేసి చప్పట్లు కొడుతున్నారు. దానమ్మ మనుషులెవరూ లేవలేదు. ఇంకా అసలు సినిమా మొదలవలేదనుకుంటున్నారు.

“ఆపీసినారేటి?” అని దానమ్మే లేచింది. “గాలీ ఇసకా అయిపోనాయి. నానెప్పుడొస్తాను?”

చిదంబరరావు గారు మైకు దగ్గరికొచ్చి విడమరిచి చెప్పారు. పుట్టుక, సరిహద్దు, శాతం, మేనరికం సడలింపు, నీడ విషయంలో తీసుకున్న నిర్ణయం. దానమ్మ అంతా ఓపిగ్గా విని, ఆయన్ని వదిలేసి నావైపు తిరిగింది.

“నాను బాగా సెయ్యనేదా బాబూ?” అంది. “సెప్తే ఆ దిబ్బ ఇంకో పదిసార్లు ఎక్కుదును గదా.”

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఆ ప్లాస్టిక్ కుర్చీతో సహా భూమిలోకి దిగిపోతే బావుండుననిపించింది.

“బాగా సేసినావు పిన్నీ,” అన్నాను. “నాకే పెద్ద తెర కావాలని నానే తీసీసినాను. నీకు సెప్పడానికి మొకం సెల్లనేదు.”

తిడుతుందనుకున్నాను. తిట్టుంటే సులువుగా ఉండేది.

“నువ్వే తీసినావు గదా. నువ్వే ఎట్టు.”

అసలు సినిమా నా లాప్‌టాపులోనే ఉంది. లాప్‌టాపు తెరకే తగిలించి ఉంది. చిదంబరరావు గారు నా చూపు పసిగట్టి, “ధ్రువపత్రము లేని చిత్రము ప్రదర్శించినచో ఉన్నది కూడా రద్దగును. బహుమతులు సైతం!” అని హెచ్చరించారు. ధైర్యంగా ముందుకు నడిచానని చెబితే మీరు నమ్మవచ్చు గానీ సన్నాసిరావు నమ్మడు. జరిగిందేమిటంటే, పంతొమ్మిదిమంది చేపల సంత ఆడవాళ్ళు వేదిక ఎక్కి నా చుట్టూ నిలబడ్డారు. వాళ్ళతోపాటు ఎక్కిన పలాస చెల్లెలు మనిషి భారీగా ఉంటుంది. “ఎట్టు బాబూ” అంది చాలా మర్యాదగా. నేను పెట్టాను. దర్శకుడు అసిరయ్య ఇదే అదనుగా శాలువా తీసి పక్కన పడేసి, వెనకవరసకు పోయి నిద్రపోయాడు.

విభాగం సిబ్బంది ధ్రువపత్రం లేని చిత్రాన్ని చూడకూడదు కాబట్టి లేచి బయటికెళ్ళారు. ఉల్లంఘన ఎంతసేపు జరిగిందో నమోదు చేయాలి కాబట్టి తలుపు ఓరగా తీసి, స్టాపువాచీలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

దిబ్బ మీద తట్ట కనబడగానే ముందు వరస కేకలేసింది. “ఒలమ్మ, మన దానమ్మే!” దానమ్మ మాత్రం మురిసిపోలేదు, పని తెలిసిన మనిషి తన పనిని చూసుకున్నట్టు చూసుకుంది. “ఆ కొంగు సూడు ఎలగ జారిపోనాదో, సెప్పకూడదా ఏటి?” అని నన్ను కోప్పడింది. చేపలతో మాట్లాడే చోట హాలంతా నవ్వింది. తలుపు సందులోంచి కూడా ఎవరో నవ్వారు. చివర్న దించిన తట్ట పక్కన ఆవిడ ఊరికే కూర్చుని ఉండే షాటు వస్తే ఎవరూ దగ్గలేదు కూడా. నా సినిమా ఆడుతుండగా ఒక హాలు అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మా సంఘం పదిమందీ బయటికొచ్చాక లైటింగ్ ఊసెత్తలేదు.

నాలుగోరోజున మెమో వచ్చింది. మంగళవారం సంతకు పట్టుకెళ్ళాను. ఏటి రాసినారో సదువు అంది దానమ్మ. చదివాను.

‘సదరు ప్రదర్శనను ప్రత్యక్షముగా పరిశీలించగా, చిత్రములో మనుషులు ఉన్నట్లును, వారు ముప్పది తొమ్మిది నిమిషముల పాటు ఉండినట్లును నిర్ధారణ అయినందున, ధ్రువపత్రమును, బహుమతులు మూడింటిని రద్దు చేయడమైనది.’

“అంటే ఏటి?”

“సినిమాలో మనుసులున్నారని రాసినారు పిన్నీ. అందుకే అన్నీ తీసీసుకున్నారు.”

దానమ్మ ఎండుచేపల మీద ఈగల్ని తోలింది.

“ఉన్నాం గదా,” అంది. “అబద్దమేటీ రాయనేదు.”